ఏడాదికో మార్కు

నీట్‌లో ర్యాంకు రాక 2020లో గుంటూరులో బీఎస్సీ ఎమ్మెల్టీలో చేరాను. ల్యాబ్ చదువని చెబితే మా పెద్దమ్మ, "రక్తం తీయడానికి నాలుగేళ్లా?" అంది.

రక్తం తీయడం నెలలో వచ్చేస్తుంది. తీశాక ఏం చెయ్యకూడదో తెలియడానికే మిగతా కాలమంతా. ఇంటర్న్‌షిప్‌లో ఓ పెద్దాయన రక్తంలో పొటాషియం ప్రాణం మీదికొచ్చేంతగా 8 దాటింది, కాల్షియం మరీ అడుగున ఉంది. ఆయనేమో బయట బెంచీ మీద కబుర్లు చెబుతున్నాడు. మా సారు రిపోర్టు ఆపి, "ఊదా మూత ట్యూబులోది ఎర్రదాంట్లోకి వంచావా?" అన్నారు. వంచాను, ఎర్రదాంట్లో రక్తం తక్కువ పడిందని. ఊదా ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టకుండా వేసే పొటాషియం ఈడీటీఏ. కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, తన పొటాషియాన్ని కలిపేస్తుంది. సారు చూడకపోతే ఆయన్ని నేరుగా ఐసీయూకి తోసుండేవాళ్లు. రెండోసారి సూది గుచ్చుతుంటే, "ఏమ్మా, చాల్లేదా?" అని నవ్వాడాయన. నాకు మాత్రం చేతులు వణికాయి.

పాసయ్యాక కొత్తపేటలో ఓ ల్యాబులో చేరాను. డిప్లొమా అమ్మాయికీ నాకూ ఒకటే జీతం, 11 వేలు. నాది డిగ్రీ కదండీ అంటే, "ఆ సంగతి మెషీన్‌కి తెలుసా?" అన్నాడు ఓనరు. మా వృత్తులకీ ఓ జాతీయ కమిషన్ ఉండాలని 2021లో పార్లమెంటు చట్టం చేసింది. ఆయనకి ఆ కబురు అందినట్టు లేదు.

అంతలో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 కాంట్రాక్టు పోస్టుల నోటిఫికేషన్ పడింది. పరీక్ష లేదు. చదువు మార్కులకి 75, పాసయ్యాక నిండిన ప్రతి ఏడాదికి ఒకటి చొప్పున 10 దాకా, ప్రభుత్వంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకి 15. అంటే ఇంట్లో కూర్చున్నా ఏడాదికో మార్కు కలుస్తుంది, ప్రైవేటులో ఎంత చాకిరీ చేసినా సున్నా.

పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ముందే చేయించుకున్నాను కాబట్టి సరిపోయింది. ఏడిపించింది స్టడీ సర్టిఫికెట్లు. లోకల్ అని చూపించాలంటే 4 నుంచి 10 దాకా అన్నీ కావాలి. నేను అయిదో తరగతి చదివిన బడి మూసేశారు. ఆ రికార్డుల కోసం మూడుసార్లు సెలవు పెట్టాను, మూడు రోజుల జీతం పోయింది.

వెరిఫికేషన్ రోజు కౌంటర్లో ఆయన నా మెమోలు అటూ ఇటూ తిప్పి, "రెండు యూనివర్సిటీల్లో చదివావా అమ్మా?" అన్నాడు. మొదటి మెమో మీద ఎన్టీఆర్, ఆఖరిదాని మీద వైఎస్సార్, ప్రొవిజనల్ మీద మళ్లీ ఎన్టీఆర్. విజయవాడలో యూనివర్సిటీ ఒక్కటేనండీ, 2022లో పేరు మార్చి 2024లో మళ్లీ పాతపేరే పెట్టారని చెప్పాను. ఆయనా నవ్వాడు, వెనక క్యూలో ఇద్దరు తమ మెమోలు తీసి చూసుకున్నారు.

జాబితాలో నాది 41వ నంబరు, పోస్టులు ఆరు. నా పైన ఉన్నవాళ్లలో ఎక్కువమంది 2016, 2017లో పాసైనవాళ్లే. ఫోన్ చేసి చెబితే అమ్మ కాసేపు లెక్కేసుకుని, "వచ్చేసారికి ఇంకో మార్కు కలుస్తుంది కదే" అంది.