కొత్త టెలిస్కోప్: ముందు పగటి పని పూర్తి చెయ్యండి

మొదటి రాత్రి టెలిస్కోప్‌లో ఏమీ దొరకలేదంటే ముందు అనుమానించాల్సింది ఫైండర్‌ని, అంటే ట్యూబు మీద బిగించిన, గురి చూసే చిన్న పరికరాన్ని. అది ఒకవైపు, పెద్ద ట్యూబు ఇంకోవైపు చూస్తుంటే చంద్రుణ్ణి పట్టుకోవడమే గగనం. చీకట్లో తడుముకోకుండా దీన్ని పగలే సరిచేసుకోవాలి. 25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టి, కనీసం అర కిలోమీటరు దూరంలోని టవర్ కొసనో, స్తంభం కొసనో నడిమధ్యకి తెచ్చి, ట్యూబు కదలకుండా బిగించండి. ఆ తర్వాత ఫైండర్ మరలు మాత్రమే తిప్పుతూ అదే కొసను అందులోనూ మధ్యకి తేవాలి. దగ్గరి గోడ పనికిరాదు. ఫైండర్‌కీ ట్యూబుకీ మధ్య ఉన్న ఎడం వల్ల, అక్కడ కుదిరిన గురి ఆకాశంలో తప్పుతుంది. సూర్యుడి ఛాయలకైనా ట్యూబును తిప్పొద్దు, ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి.

ఐపీస్ మీది అంకె చిన్నదయ్యేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. 650 మి.మీ. నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) ఉన్న ట్యూబులో 25 మి.మీ.ది 26 రెట్లు, 10 మి.మీ.ది 65 రెట్లు చూపిస్తుంది. ఎప్పుడూ 25తోనే వెతకాలి, దొరికాకే 10కి మారాలి. అట్టపెట్టె మీద వందల రెట్లని రాసింది చూసి మురిసిపోకండి. అద్దం వ్యాసం 130 మి.మీ. అయితే, గాలి నిలకడగా ఉన్న రోజున కూడా 260 దాటితే మిగిలేది మసకే. పెట్టెతో వచ్చే చవక బార్లో లెన్స్‌ని (ఐపీస్ రెట్లను ఇంకా పెంచే అదనపు కటకం) ప్రస్తుతానికి అందులోనే ఉండనివ్వండి.

చూడ్డానికి అరగంట ముందే ట్యూబును ఆరుబయట పెట్టాలి. అద్దం వెచ్చగా ఉన్నంతసేపూ లోపలి గాలి కదిలి బొమ్మ వణుకుతుంది. పగలంతా ఎండకు కాగిన డాబా కంటే మట్టినేల నయం. కిటికీ అద్దంలోంచి చూడటం శుద్ధ దండగ.

అద్దాల టెలిస్కోప్‌లో నడుమ నల్ల చిల్లున్న వెలుగు బిళ్ళ కనిపిస్తే గ్రహం దొరికిందని సంబరపడొద్దు. అది ఫోకస్ కుదరని నక్షత్రం, ఆ చిల్లు లోపలి చిన్న అద్దం నీడ. బిళ్ళ చిక్కిపోయి సూదిమొనంత అయ్యేదాకా నాబ్ తిప్పండి. మళ్ళీ ఉబ్బడం మొదలైతే దాటేశారన్నమాట.

భూమి తిరుగుతుంది కాబట్టి, 65 రెట్ల దగ్గర గ్రహం సుమారు మూడు నిమిషాల్లో చూపులోంచి జారిపోతుంది. దాన్ని ఒక అంచున పెట్టి చేయి తీసేస్తే, వణుకు ఆగి, అదే మెల్లగా అడ్డంగా నడుస్తుంది. చూడాల్సింది అప్పుడే.

మొదటి లక్ష్యం చంద్రుడే, అదీ శుద్ధ అష్టమి అటూఇటూ. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంతల నీడలు పొడుగ్గా పడతాయి. పున్నమికి నీడలుండవు, అంతా చదునే. గురుగ్రహం పక్కన 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలూ 26 రెట్లకే వరసగా కనిపిస్తాయి (ఒకటి గ్రహం చాటునో ముందో ఉంటే మూడే). ఆండ్రోమెడా గెలాక్సీ దగ్గర రంగులు ఆశించొద్దు. బూడిదరంగు మరక, అంతే. కన్ను చీకటికి అలవాటుపడటానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది, ఫోన్ ఒక్కసారి వెలిగితే మళ్ళీ మొదటికే. నేరుగా కాక కాస్త పక్కకు చూస్తే ఆ మరక ఇంకొంచెం విప్పారుతుంది.

అద్దం మీద మంచు పడితే తుడవకండి, గీతలు పడతాయి. ట్యూబు నోరు నేలవైపు కొంచెం వంచి ఇంట్లో ఆరనిచ్చాకే మూత పెట్టాలి.