బ్యాంక్ ఇంటర్వ్యూ: చదువు మన జిల్లాతోనే మొదలుపెట్టండి

మెయిన్స్ గట్టెక్కి ఇంటర్వ్యూ కోసం చూస్తున్న మిత్రులారా, ఐబీపీఎస్ పీఓ (ప్రభుత్వ బ్యాంకుల్లో ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష) తుది మెరిట్‌లో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 వెయిటేజీ. 20 కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మెయిన్స్ దాటినవాళ్ల మార్కుల్లో పెద్ద తేడా ఉండదు, జాతకాలు మారేది ఇక్కడే.

నేను అనంతపురంలోనే ఉండి ప్రిపేరయ్యాను. రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పుపై వడ్డీ) ఎంతో అందరూ చెబుతారు. బోర్డువాళ్లు మాత్రం మన బయోడేటా ముందు పెట్టుకుని అడుగుతారు. జిల్లా పేరు చూడగానే నన్ను అడిగింది ఇదీ: "వాన పడలేదు, చెనిక్కాయ రైతు క్రాప్ లోన్ కట్టలేదు. ఎప్పుడు ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది?"

మామూలు లోన్లకుండే 90 రోజుల లెక్కే నోటికొస్తుంది. కానీ వేరుశనగలాంటి స్వల్పకాలిక పంటలకు లెక్క వేరు. గడువు దాటాక రెండు పంట సీజన్లు బాకీ ఉండిపోతేనే ఎన్‌పీఏ. దీర్ఘకాలిక పంటలకైతే ఒక సీజనే.

ఇది నాకు బాగా గుర్తుండటానికి కారణం మా పెదనాన్న. లోన్ రెన్యువల్‌కు ఆయన వెంట బ్యాంకుకు వెళ్లాను. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 3 శాతం రాయితీ, అంటే పడేది 4 శాతమే. ఆ రాయితీ పోకూడదనే చేతిలో డబ్బు లేకున్నా చేబదులు తెచ్చి కడతారు, మళ్లీ లోన్ తీసుకుని ఆ అప్పు తీరుస్తారు. ఇదంతా ఆయన కౌంటర్ దగ్గర క్యూలో నిలబడే చెప్పారు. బోర్డు ముందు అదే చెప్పాను. తర్వాతి ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరిగాయి, నాకు టెన్షన్ పోయింది.

మీరూ ఇంట్లో పాసుపుస్తకాలు తీసి చూడండి. పంటల బీమాలో ఖరీఫ్ నూనెగింజలకు రైతు కట్టే ప్రీమియం బీమా మొత్తంలో 2 శాతమని, కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న విలీనమైందని తెలిసి ఉండాలి.

"బీటెక్ చేసి బ్యాంకు ఎందుకు?" అన్నదానికి కోచింగ్‌లో ఇచ్చే జవాబు బట్టీ పట్టకండి. బోర్డువాళ్లు దాన్ని రోజూ వింటూనే ఉంటారు. మీ కారణం మీరే రాసుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి.

ఓబీసీ అభ్యర్థులు నాన్‌క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ఫార్మాట్‌లో, నోటిఫికేషన్ అడిగిన తేదీలకు సరిపోయేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. తహసీల్దార్ ఆఫీసులో పని ఒక్కరోజులో తెమలదు.