ఆరు లిఫ్టుల్లోనే ఫొటో రావాలి

వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునే పిల్లల యాక్షన్ పోర్ట్రెయిట్లు తీయడానికి బయల్దేరే ముందు నేను వేసుకునే లెక్క ఒకటే: ఈ పిల్ల ఇవాళ నా కెమెరా కోసం ఎన్నిసార్లు బార్ ఎత్తాలి? పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలకి నేను పెట్టుకున్న హద్దు ఆరు. ఒక్కో లిఫ్టుకీ మధ్య రెండు నిమిషాల విశ్రాంతి. ఆరో లిఫ్టు తర్వాత మోకాళ్లు వణుకుతాయి, వీపు గుండ్రమవుతుంది, ముఖంలో పట్టుదల పోయి విసుగు కనిపిస్తుంది. అందుకే మిగతా పనంతా పిల్లలు రాకముందే అయిపోవాలి.

ఇంకో సంగతి. మా వైపు జనానికి ఈ ఆట తెలుసు. విజయనగరం జిల్లాలో కొండవెలగాడ లిఫ్టర్ల ఊరు. ఇటు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ (బార్‌ని ఒకే ఊపులో తల మీదికి లాగడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, తర్వాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. ఇక్కడ ఫొటో చూపిస్తే వెలుగు సంగతి తర్వాత, ముందు ‘మోచెయ్యి వంగింది కదా’ అంటారు. లిఫ్టు తీరు తప్పిన ఫొటో ఆ పిల్లకి జీవితాంతం తలవంపు.

బరువు నిర్ణయించాల్సింది కోచ్ సారే. నేను అడిగేది మాత్రం ఆ పిల్ల గరిష్ఠ బరువులో అరవై శాతం చుట్టుపక్కల. యాభైకి తగ్గితే బార్ గాలిలో తేలిపోతుంది, ముఖంలో బరువు కనిపించదు. ఎనభై దాటితే నా ఆరు కాస్తా మూడే అవుతాయి. ఆడపిల్లల బార్ 15 కిలోలు, రెండు వైపులా ఆకుపచ్చ 10 కిలోల ప్లేట్లు వేస్తే 35. స్నాచ్‌లో 55 ఎత్తే అమ్మాయికి ఇది సరిగ్గా సరిపోతుంది. పోటీల్లో వాడే రబ్బరు ప్లేట్లలో 10 కిలోలదైనా ఎర్రటి 25 కిలోలదైనా వ్యాసం 450 మి.మీ.యే. కాబట్టి తక్కువ బరువుతోనూ ఫ్రేము నిండుగా ఉంటుంది. చిన్న ఇనుప బిళ్ళలు వేస్తే బార్ నేలకి దిగిపోయి, పిల్ల మొదలుపెట్టే భంగిమే మారిపోతుంది.

షెడ్డులో మొదట ట్యూబ్‌లైట్లు ఆర్పించేస్తాను. అవి సెకనుకి వందసార్లు మిణుకుతాయి, పైగా చర్మం మీద పచ్చటి ఛాయ. తర్వాత ఫ్లాష్ లేకుండా ఒక ఫ్రేము: షట్టర్ 1/200 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/5.6, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 400. ఆ ఫ్రేము దాదాపు నల్లగా రావాలి. బొమ్మ కనిపించిందంటే తలుపు మూయాలి. లేకపోతే ఫ్లాష్ పట్టిన పదునైన చెయ్యి పక్కనే పగటి వెలుగు పట్టిన మసక చెయ్యి ఇంకొకటి వస్తుంది. షట్టర్ పెంచి తప్పించుకుందామంటే చాలా కెమెరాల్లో సింక్, అంటే ఫ్లాష్‌తో కుదిరే షట్టర్ వేగం, 1/200, 1/250 దగ్గరే ఆగుతుంది. దాటితే ఫ్రేములో నల్ల పట్టీ.

కదలికను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్. స్పీడ్‌లైట్ (బ్యాటరీతో నడిచే చిన్న ఫ్లాష్) ఫుల్ పవర్‌లో వెలిగితే ఆ వెలుగు సుమారు 1/250 సెకను సాగుతుంది. జడ కొస, ప్లేటు అంచు చెదురుతాయి. పవర్‌ని 1/8కి దించితే వెలుగు సెకనులో కొన్ని వేలవ వంతుకి కురచవుతుంది. తగ్గిన వెలుగుని పూడ్చడానికి ఒకే తెల్ల గొడుగులో రెండు స్పీడ్‌లైట్లు పెడతాను, ఒక్కోటి 1/8లో, పిల్లకి రెండున్నర మీటర్ల దూరంలో. వెనక గోడ ఇంకో నాలుగు మీటర్లు దూరంగా ఉంటే దాని మీద ఏడో వంతు వెలుగే పడుతుంది, నల్లగుడ్డ కట్టక్కర్లేదు.

గొడుగుని ముఖానికి ముందువైపు, కాస్త పక్కకి పెట్టాలి. నేరుగా పక్కన పెడితే బార్ తల మీదికి వెళ్లగానే ప్లేటు నీడ చెంప మీద పడుతుంది. ఆ ఒక్క తప్పుకి ఒకసారి రెండు లిఫ్టులు పోగొట్టుకున్నాను. వెనక రెండు మూలల్లో తలా ఒక స్పీడ్‌లైట్ 1/16లో, లెన్సులోకి కొట్టకుండా అట్టముక్క అడ్డం. ప్రతి స్టాండు కాలి మీదా ఇసుక సంచి ఉండాలి. బార్ కింద పడినప్పుడల్లా నేల అదిరి స్టాండు కొంచెం కొంచెంగా తిరిగిపోతుంది.

నేను ప్లాట్‌ఫాం అంచుకి మీటరు అవతలే కూర్చుంటాను. ప్లాట్‌ఫాం నాలుగు మీటర్ల చదరం కాబట్టి పిల్లకి నాకూ మధ్య మూడు మీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 35 మి.మీ. లెన్సుతో అక్కడ మూడు మీటర్ల వెడల్పు పడుతుంది, రెండు మీటర్ల బార్ రెండు కొసలతో సహా వస్తుంది. కెమెరా పిల్ల నడుము ఎత్తుకి కాస్త కిందికి, ఎదురుగా కాకుండా ముప్ఫై డిగ్రీలు పక్కకి. ఒంటికి అతుక్కునే సింగ్లెట్ దుస్తుల్లో లోతుగా కూర్చున్న పిల్లని ఎదురుగా కింది నుంచి తీయడం మర్యాద కాదు. పూర్తిగా పక్కకి వెళ్తే క్లీన్‌లో బార్ మెడ దగ్గరికి రాగానే ప్లేటు ముఖాన్ని మొత్తం మూసేస్తుంది.

ఇక నొక్కే సమయం. ఫ్లాష్ మళ్లీ నిండేలోపు ఆ క్షణం దాటిపోతుంది, కాబట్టి టపటపా నొక్కి ఏరుకోవడం కుదరదు. లిఫ్టుకి ఒకటే ఫ్రేము. కంటికి కనిపించాక నొక్కితే దాదాపు పావు సెకను ఆలస్యం. స్నాచ్‌లో మడమలు లేచి ఒళ్లంతా నిటారుగా సాగే క్షణం కావాలంటే బార్ మోకాలు దాటుతుండగానే నొక్కాలి. జెర్క్‌లో కాళ్లు ముందూ వెనకా చీలే క్షణానికి, మోకాళ్లు కొద్దిగా వంగి ఆగినప్పుడే. అందుకే ఒట్టి బార్‌తో చేసే వార్మప్ మొత్తం కెమెరా లేకుండా చూస్తాను. ఒక్కో పిల్లది ఒక్కో లయ. కొందరు మోకాలి దగ్గర అరక్షణం నిలుస్తారు, కొందరు ఒకే ఊపులో లాగేస్తారు. మొదటి రెండు లిఫ్టులు నేను తేలికైన క్షణానికే వాడతాను, అంటే బార్ తల మీద నిలిచినప్పుడు. ఒక మంచి ఫొటో చేతికొచ్చాకే కష్టమైనదానికి వెళ్తాను.

చేతులు జారకుండా పూసుకునే చాక్ పొడిని చప్పట్లతో లేపే ఫొటో చివరికి. నేల జారుతుంది కాబట్టి దాని తర్వాత లిఫ్టు ఉండదు. మాది తేమ గాలి, ఆ పొడి (మెగ్నీషియం కార్బొనేట్) గడ్డ కడుతుంది. టీ వడగట్టే జాలితో జల్లిస్తే మేఘంలా లేస్తుంది. అది కనిపించేది వెనక లైట్లవల్లే, అందుకే ముందు గొడుగు వెలుగుని ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించాలి. చప్పట్లు రొమ్ము ఎత్తులో, ముఖం దగ్గర కాదు. టాల్కం పౌడర్ వద్దు, ఉబ్బసం ఉన్న పిల్లలకి ఈ ఫొటోనే వద్దు.

పరుగు తీసేవాళ్లని శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలాంటి బయలు మైదానంలో తీయడం వేరే లెక్క. పొద్దున్నే ఎండ చురుక్కుమనక ముందు, 1/1000 షట్టర్‌తో, ఫ్లాష్ లేకుండానే చాలావరకు అయిపోతుంది.

తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ముందే తీసుకుంటాను, కోచ్ సార్ లేకుండా కెమెరా బయటికి తీయను. ఫొటోతోపాటు పిల్ల పేరు, స్కూలు, ప్రాక్టీసు వేళలు బయట పెట్టను. ఒంటి ఆకారం సాఫ్ట్‌వేర్‌లో మార్చను, అరచేతి కాయలు చెరపను.

ఎంపిక కోచ్ సార్ పక్కన కూర్చునే. బార్ తల మీద నిలిచిన ఫొటోలో మోచేతులు వంగకుండా బిగిశాయా, బార్ తల మీద సరిగ్గా ఉందా, పాదం మొత్తం నేలకి ఆనిందా అని ఆయన చూస్తారు, కళ్లు నేను చూస్తాను. ఇద్దరం ఒప్పుకున్నది ఒక్కటి 12×18 అంగుళాల ప్రింటు వేయించి పిల్లల ఇంటికి పంపిస్తాను.