రింగు తిప్పి చూశావా?

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు, ఇంట్లో నా చేతులతో చేసుకున్న బుల్లి పెట్రోల్ ఇంజిన్ స్టార్ట్ అయింది. చెవుల్లో ఇంకా ఆ చప్పుడే ఉంది. మొదలుపెట్టి పదకొండు నెలలైంది. అందులో ఐదు నెలలు ఒక్క సిలిండర్ లైనర్, అంటే పిస్టన్ ఆడే లోపలి గొట్టం, తినేసింది. ఆ ఐదు నెలల గురించే ఇది రాస్తున్నాను. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాస్తే ఏదీ దాచుకోకుండా రాయగలను.

ఇంజిన్ చిన్నది. ఒకటే సిలిండర్, ఫోర్ స్ట్రోక్, గాలికి చల్లబడే రకం. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 22 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా 22. అంటే ఎనిమిదిన్నర సీసీకి కాస్త తక్కువ. అరచేతిలో పడుతుంది. స్పార్క్ ప్లగ్, బేరింగులు, ఇగ్నిషన్ మాడ్యూల్ కొన్నాను. మిగతాదంతా నా లేత్ మీద, చిన్న మిల్లింగ్ మెషిన్ మీద చేసుకున్నదే.

క్రాంక్‌కేస్ పది రోజుల్లో అయిపోయింది. క్యామ్‌షాఫ్ట్ ఇండెక్స్ హెడ్ మీద ఒక్కో డిగ్రీ తిప్పుకుంటూ కోసి, ఆకురాయితో నునుపు చేశాను. కార్బురేటర్ ఒక ఆదివారం పని. కనెక్టింగ్ రాడ్ గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ గురించి మాత్రం గొప్ప చెప్పుకుంటాను. ముక్కలు అతికించకుండా ఒకే ఉక్కు కడ్డీలోంచి తీశాను. చివర డయల్ (వంకర ఎంతుందో ముల్లుతో చూపే సాధనం) పెట్టి తిప్పితే ముల్లు 0.01 మిల్లీమీటర్ దాటలేదు. నాకా ధైర్యం ఇచ్చింది చార్లీ టేలర్. రైట్ సోదరుల 1903 విమానానికి ఇంజిన్ చేసిన మెకానిక్ ఆయనే. ఆయన దగ్గర ఉన్నవి ఒక లేత్, ఒక డ్రిల్ ప్రెస్, చేతి పనిముట్లు. ఉక్కు పలక మీద క్రాంక్ ఆకారం గీసి, ఆ గీత వెంట వరసగా రంధ్రాలు వేసి, అక్కర్లేని ముక్కల్ని సుత్తి, ఉలితో కొట్టేసి, మిగిలినదాన్ని లేత్ మీద తిప్పాడు. ఆరు వారాల్లో ఇంజిన్ తయారైంది. నాలుగు సిలిండర్లు, 12 హార్స్‌పవర్. తొలి పరీక్షల్లోనే బేరింగ్ పట్టేసి క్రాంక్‌కేస్ పగిలింది. మళ్లీ పోత పోయించి నిలబెట్టారు. మెషిన్ మంచిది లేదని పని మానేసేవాళ్లు ఆయన్ని ఒకసారి తలుచుకోవాలి.

డ్రాయింగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను కొన్న డ్రాయింగులో టైమింగ్ గేర్ల మధ్య దూరం 14.5 మిల్లీమీటర్లు అని ఉంది. గేర్లు 20 పళ్లు, 40 పళ్లు, మాడ్యూల్ (పంటి సైజు చెప్పే అంకె) 0.5. పళ్లు రెండూ కూడి, మాడ్యూల్‌తో గుణించి, సగం చేస్తే 15 రావాలి. రంధ్రం వేశాక కానీ నేనిది చూసుకోలేదు. అమ్మినవాళ్లకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. డబ్బు తీసుకుని తప్పుడు కొలత ఇచ్చి మౌనంగా ఉండటం మోసమే. దొరికిన డ్రాయింగ్ ఏదైనా సరే, గేర్ల దూరం మీరే లెక్క కట్టుకుని, ఆ తర్వాతే డ్రిల్ పట్టుకోండి.

ఇక లైనర్.

లైనర్ అంటే పలుచటి పోత ఇనుప గొట్టం, పైన చిన్న అంచు. దాని మీదకు ఫిన్స్ (వేడిని గాలికి వదిలే రెక్కలు) ఉన్న అల్యూమినియం జాకెట్ ఎక్కుతుంది. నా లైనర్ గోడ మందం 1.5 మిల్లీమీటర్లు. ముందు బయటి వైపు తిప్పుకున్నాను. తర్వాత దాన్ని లేత్ మీద ముక్కను బిగించి పట్టే మూడు దవడల చక్‌లో పట్టించి లోపల బోరింగ్ చేశాను. బోర్ అద్దంలా వచ్చింది. టెలిస్కోపిక్ గేజ్ పెట్టి, మైక్రోమీటర్‌తో నాలుగు దిశల్లో కొలిచాను. నాలుగు దిశల్లోనూ 22.00. మధ్యలోనూ అంతే, రెండు చివర్లా అంతే. ఆ అంకెలు పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

ఇంజిన్ బిగించి ఫ్లైవీల్ తిప్పితే చేతికి ఏమీ తగల్లేదు. కంప్రెషన్ ఉంటే, అంటే లోపలి గాలి నొక్కుకుంటే, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు చక్రం ఎదురు తన్నాలి. నాది వెన్నలో తిరిగినట్టు తిరిగింది.

మొదట వాల్వులను అనుమానించాను. హెడ్ తిరగేసి పోర్టుల్లో పెట్రోల్ పోసి గంటసేపు ఉంచాను. చుక్క కారలేదు. హెడ్ గాస్కెట్ చుట్టూ సబ్బు నీళ్లు పూసి చూశాను. బుడగ రాలేదు. ఇక మిగిలింది రింగులు, అంటే పిస్టన్ చుట్టూ ఉండి గాలి జారిపోకుండా ఆపే వలయాలు.

చిన్న ఇంజిన్‌కు లీకు ఎంత ప్రాణాంతకమో చాలామందికి తెలియదు. కొలతలన్నీ ఆరో వంతుకు తగ్గిస్తే సిలిండర్ చుట్టుకొలత ఆరో వంతే అవుతుంది, కానీ లోపలి గాలి 216వ వంతుకు పడిపోతుంది. పెద్ద ఇంజిన్‌లో ఉన్నంత సందే ఇక్కడా ఉంటే, ఉన్న గాలితో పోల్చి చూసినప్పుడు లీకు 36 రెట్లు. పెద్ద ఇంజిన్ లెక్క చేయని సందు మనకు ఊపిరి తీసేస్తుంది.

రింగులు చేయడం ఓపిక పని. పోత ఇనుములోంచి మిల్లీమీటర్ మందం వలయాలు కోసి, ఒకచోట విరిచి, చివరలు ఎడం చేసి, బిగింపులో పెట్టి ఎర్రబడేదాకా కాల్చాలి. చల్లారాక అవి ఆ ఎడం నిలుపుకుంటాయి. బోర్‌లోకి నొక్కినప్పుడు మళ్లీ గుండ్రమై గోడను అంటుకోవాలి. అంటుకుందో లేదో చూడటానికి చీకటి గదిలో లైనర్ కింద టార్చ్ పెట్టి పైనుంచి చూస్తాం. వెలుతురు కనపడకూడదు.

నాకు కనపడింది. రింగు పక్కన సన్నని వెలుతురు చీలికలు. రింగు పాడు అనుకుని పారేశాను. ఇంకోటి చేశాను, మళ్లీ చీలికలు. ఆరు చేసి ఆరూ పారేశాను. కాల్చే పద్ధతి మార్చి ఇంకో ఆరు చేశాను. బిగింపు కొత్తది చేసి మరో నాలుగు. మొత్తం పదహారు. ఒక్కోటి చేతిలో విరిగినప్పుడు వచ్చిన బాధ ఇంకా గుర్తుంది. ఇంట్లోవాళ్లు షెడ్డు వైపు రావడం మానేశారు.

మధ్యలో ఒక రీబోరింగ్ వర్క్‌షాపుకు లైనర్ తీసుకెళ్లి హోనింగ్ (సానరాళ్లతో లోపల నునుపు) చేసిపెట్టమని అడిగాను. "ఇక్కడ పెట్టి వెళ్లండి" అన్నారు. మూడు వారాలు తిప్పించుకున్నారు. చివరికి ముట్టుకోకుండానే చేతిలో పెట్టి, "బొమ్మలకు మా మెషిన్లు పెట్టలేం సార్" అన్నారు. చేయలేమని మొదటి రోజే చెప్పి ఉంటే గౌరవించేవాణ్ని. చిన్న పనిని చిన్నచూపు చూసేవాడు పెద్ద పని కూడా శ్రద్ధగా చేయడు. ఇది నా నమ్మకం, ఎవరు కాదన్నా మార్చుకోను.

ఇంతలో మాలాంటివాళ్లంతా ఇంజిన్లు తెచ్చి నడిపించుకునే రోజు వచ్చింది. తీసుకెళ్లకుండా ఉండాల్సింది. పదహారో రింగు కాస్త నయంగా కనపడటంతో ఆశపడ్డాను. పక్క బల్ల మీద ఒకాయన ఐదు సిలిండర్ల రేడియల్ (సిలిండర్లు చుట్టూ నక్షత్రంలా ఉండే ఇంజిన్) ఒక్క తిప్పుకే అందుకుని, చిన్న ప్రొపెల్లర్‌తో గాలి విసురుతోంది. నేను డ్రిల్ మెషిన్‌తో నాది ఇరవై నిమిషాలు తిప్పాను. ప్లగ్ తడిసింది, తుడిచాను, మళ్లీ తడిసింది. చుట్టూ జనం మూగారు. ఒక కుర్రాడు ఫోన్‌లో తీసుకుంటూ, "షోకి పెట్టడానికి బాగుంది అంకుల్" అన్నాడు. వాడు మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

జనం వెళ్లాక ఒక పెద్దాయన ఆగారు. జీవితమంతా టూల్‌రూమ్‌లో పనిచేసిన మనిషి. ఫ్లైవీల్ ఒక వేలితో తిప్పి చూశారు.

"గాలి పట్టట్లేదు బాబూ. సిలిండర్ గుండ్రంగా ఉందా?"

"ఉంది మాస్టారూ. నాలుగు దిశల్లో కొలిచాను, 22.00." నా గొంతులో విసుగు ఆయనకు వినపడే ఉంటుంది.

"దేంతో కొలిచావు?"

చెప్పాను. ఆయన తల ఊపి, "టార్చ్ వేసి చూసినప్పుడు రింగు తిప్పి చూశావా?" అన్నారు.

నేను మాట్లాడలేకపోయాను. ఐదు నెలలు, పదహారు రింగులు, ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. వెలుతురు చీలిక రింగుతో పాటు తిరిగితే తప్పు రింగుది. రింగు తిరిగినా చీలిక ఉన్నచోటే ఉంటే తప్పు సిలిండర్‌ది. పది సెకన్ల పరీక్ష.

ఆ రాత్రే తిప్పి చూశాను. చీలికలు కదల్లేదు. సరిగ్గా మూడు. బయట మార్కర్‌తో గుర్తులు పెట్టి లైనర్‌ను లైటు కిందికి తెచ్చాను. ఆ మూడు గుర్తుల దగ్గరే బయటి గోడ మీద చక్ దవడల నొక్కులు లీలగా ఉన్నాయి.

అప్పుడు అంతా అర్థమైంది. పలుచటి గొట్టాన్ని మూడు దవడలు మూడు చోట్ల లోపలికి నొక్కాయి. నొక్కి ఉండగా నేను గుండ్రంగా కోశాను. చక్ వదలగానే ఆ మూడు చోట్లా గోడ వెనక్కి సాగి, బోర్ మూడు ఉబ్బుల ఆకారమైంది. మరి మైక్రోమీటర్ ఎందుకు చెప్పలేదు? ఒక ఉబ్బుకు సరిగ్గా ఎదురుగా ఉన్నది రెండు ఉబ్బుల మధ్య లోపలికి వచ్చిన చోటు. ఇటు పెరిగినంత అటు తగ్గుతుంది. అడ్డంగా ఎటు కొలిచినా ఒకటే అంకె. నమ్మకం కుదరకపోతే సమబాహు త్రిభుజం గీసి, ఒక్కో మూలలో కంపాస్ ముల్లు పెట్టి మిగతా రెండు మూలల్ని కలుపుతూ చాపం గీయండి. ఆ ఆకారం వెడల్పు ఎటు కొలిచినా మారదు, కానీ అది వృత్తం కాదు. నా లైనర్‌ను రోటరీ టేబుల్ మీద నిలబెట్టి, లోపల డయల్ ఆనించి తిప్పితే ముల్లు చుట్టుకు మూడుసార్లు లేచి పడింది. తేడా 0.03 మిల్లీమీటర్లు.

ఆ తర్వాత రెండు రోజులు లేత్ ముట్టుకోలేదు, పాత విమాన ఇంజిన్ల గురించి చదువుతూ కూర్చున్నాను. నాకు కొండంత ఓదార్పు అక్కడే దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో టైఫూన్ ఫైటర్‌కు పెట్టిన నేపియర్ సేబర్ 24 సిలిండర్ల ఇంజిన్. అందులో వాల్వుల బదులు సిలిండర్ లోపల కదిలే స్లీవ్‌లు, అంటే పలుచటి గొట్టాలు ఉంటాయి. బోర్ 127 మిల్లీమీటర్లు, నా దానికి దాదాపు ఆరు రెట్లు. దాన్ని పీడించిన జబ్బు స్లీవ్‌లు గుండ్రంగా నిలవకపోవడమే. ఇంజిన్లు పట్టేసేవి. బ్రిస్టల్ సంస్థ టారస్ ఇంజిన్ బోర్ కూడా అంతే కావడంతో, వాళ్ల స్లీవ్‌లు, వాటిని తయారుచేసే పద్ధతి తెచ్చుకున్నాకే సేబర్ గాడిలో పడింది. అంతకుముందు వచ్చిన సెగ్విన్ సోదరుల విమాన ఇంజిన్, నోమ్ రోటరీ, ఇంకా సాహసం. క్రాంక్‌షాఫ్ట్ కదలదు, సిలిండర్లే ప్రొపెల్లర్‌తో కలిసి తిరుగుతాయి. ఆ సిలిండర్లను ఉక్కు దిమ్మెల్లోంచి ఫిన్స్‌తో సహా తొలిచి తీసేవారు. గోడ మందం 1.5 మిల్లీమీటర్లే, నా లైనర్‌దీ అంతే! గాలి ఎదురుగా తగిలే వైపు చల్లగా, వెనక వైపు వేడిగా ఉండి సిలిండర్ వంకర పోయేది. ఇనుప రింగు దాన్ని అనుసరించలేదని, పిస్టన్‌కు పలుచటి కంచు వలయం పెట్టారు. వంకర గోడకు కూడా అది ఒదిగిపోయేది. ఆ ఉపాయం ఆలోచించినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

కొత్త లైనర్ ఇలా చేశాను. ముందు బోర్‌ను అర మిల్లీమీటర్ తక్కువగా కోసి రెండు రోజులు వదిలేశాను. తర్వాత అల్యూమినియంతో చిన్న కుండలాంటి ఫిక్చర్ చేశాను. లైనర్ అందులో వదులుగా దిగుతుంది. పై అంచును మాత్రం ఒక వలయంతో, ఆరు స్క్రూలతో కిందికి నొక్కి పట్టుకుంటుంది. పక్కల నుంచి ఒత్తిడి అసలే లేదు. చివరి మూడు కోతలు చాలా పలుచగా తీశాను. ఆ తర్వాత బోర్‌లో ఆడించి రుద్దే అల్యూమినియం కడ్డీకి, అంటే లాప్‌కు, సన్నటి గరుకు పిండి, నూనె పట్టించి, ఆగకుండా ముందుకీ వెనక్కీ ఆడించాను. చివర్లలో లాప్ ఆగితే అక్కడ బోర్ గంట మూతిలా విచ్చుకుంటుంది. కడగడంలో బద్ధకించవద్దు. కిరోసిన్, తర్వాత వేడి సబ్బు నీళ్లు, తెల్ల గుడ్డతో తుడిస్తే మరక అంటనిదాకా. గరుకు పిండి రవ్వ మిగిలితే ఇంజిన్ తనను తానే అరగదీసుకుంటుంది.

డయల్ పెట్టి తిప్పాను. ముల్లు ఒక గీత, అంటే 0.002 మిల్లీమీటర్లు కదిలింది.

పదిహేడో రింగు దింపి టార్చ్ వేశాను. చీకటి. తిప్పాను. మళ్లీ చీకటి. పద్దెనిమిదో రింగూ అంతే.

నిన్న బిగించాక ఫ్లైవీల్ తిప్పితే నా వేళ్లను వెనక్కి తన్నింది. కళ్లు చెమర్చాయి, దాచుకోను. మూడో తిప్పుకు అందుకుంది. మొదటిసారి నలభై సెకన్లు, తర్వాత నాలుగు నిమిషాలు. ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. పెద్దాయనకు ఫోన్ చేసి రిసీవర్ ఇంజిన్ దగ్గర పెట్టాను. ఆయన కాసేపు విని, "కొంచెం రిచ్‌గా ఉంది, నీడిల్ మూయి" అన్నారు. పెట్రోల్ ఎక్కువ పోతోంది, కార్బురేటర్ సూది తగ్గించు అని అర్థం.

చల్లారాక ప్లగ్ విప్పి చూశాను. కొన నల్లగా, పొడి మసి పట్టి ఉంది. ఆయన చెప్పినట్టే, రేపు పావు చుట్టు మూస్తాను.