ప్రొజెక్టర్లు పంపే విభాగాలే డిపార్ట్‌మెంట్లయ్యాయి

ఏ యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ చరిత్ర చేతికొచ్చినా నేను ప్రొఫెసర్ల ఫొటోల దగ్గర ఆగను. అది ఎవరి కింద పనిచేసింది, జీతాలు ఏ పద్దులోంచి వచ్చాయి, డిగ్రీ ఇచ్చే హక్కు ఎలా దక్కింది, ఇవే వెతుకుతాను.

అమెరికాలో ఇన్‌స్ట్రక్షనల్ సైన్స్, అంటే పాఠాలు ఎలా తయారుచేయాలి, ఎలా నేర్పాలి అని పరిశోధించే డిపార్ట్‌మెంట్ల సంగతి ఇలా చూస్తేనే అర్థమవుతుంది. క్లాసులకి ఫిల్ములూ ప్రొజెక్టర్లూ పంపిన విభాగాలే వీటిలో చాలావాటికి పూర్వీకులు. ఈ రంగంలోవాళ్ళ సంఘం కూడా 1923లో దృశ్య బోధన విభాగంగానే పుట్టింది. 1947లో దానికి శ్రవణం తోడైంది. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడంతో లెక్క మారింది. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం, కొత్త బోధనా మాధ్యమాల మీద పరిశోధనకి డబ్బిచ్చింది. పరికరాలు సర్దే చోటికి పరిశోధన పద్దు వచ్చాక హోదా మారక తప్పుతుందా?

నేను మళ్ళీ మళ్ళీ చదివేది యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ కథ. 1970ల మొదట్లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో మైటర్ కార్పొరేషన్ ‘టిక్కిట్’ అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ తయారుచేసింది. కమ్యూనిటీ కాలేజీలకి లెక్కలు, ఇంగ్లీషు పాఠాలు రాసే పని ఈ యూనివర్సిటీకొచ్చింది. బోధనా పరిశోధకుడు విక్టర్ బండర్సన్ టెక్సస్ నుంచి వచ్చి, ఇక్కడి పరిశోధకుడు డేవిడ్ మెరిల్‌తో కలిశాడు. విద్యార్థి ముందు కలర్ టీవీ, చేతికింద ‘రూల్’, ‘ఎగ్జాంపుల్’, ‘ప్రాక్టీస్’ అని రాసున్న మీటలు. ఇంకా తేలికగా కావాలన్నా, కష్టంగా కావాలన్నా వాటికీ మీటలున్నాయి! ఆన్‌లైన్ పాఠాలు రాయడమే నా ఉద్యోగం. ఈరోజుకీ ప్రతి పేజీలో సూత్రమేది, ఉదాహరణేది, అభ్యాసమేది అని ఆ మూడు మీటలే వెతుక్కుంటాను.

తర్వాత జరిగిన మూల్యాంకనంలో, కోర్సు చివరిదాకా చేసినవాళ్ళు బాగా నేర్చుకున్నారనీ, అసలు చివరిదాకా చేసినవాళ్ళే తక్కువనీ తేలింది. నా దృష్టిలో ఆ ఫలితమూ విలువైనదే. గ్రాంటు అయిపోతే జట్టు చెదిరిపోతుంది. అలాంటి ఫలితాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేయాలంటే డిపార్ట్‌మెంట్ ఉండాల్సిందే. ఆ సూత్రం, ఉదాహరణ, అభ్యాసం పద్ధతి వెనకున్న మెరిల్ సిద్ధాంతం 1983లో గానీ పూర్తి రూపంలో అచ్చుకాలేదు.

బ్రిగమ్ యంగ్‌లో ఒకప్పటి ఆ ఇన్‌స్ట్రక్షనల్ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఇప్పుడు ఇన్‌స్ట్రక్షనల్ సైకాలజీ అండ్ టెక్నాలజీ పేరుతో మెకే స్కూల్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో ఉంది. అధ్యాపకులకి బోధనలో సాయం చేసే కేంద్రం మాత్రం వేరు. ఆ విభజన నాకు నచ్చదు. పాఠం రాసేవాళ్ళూ దాన్ని పరీక్షించేవాళ్ళూ ఒకే జట్టులో ఉండబట్టే టిక్కిట్ పాఠాలకి ఆ పొందిక వచ్చిందని నా నమ్మకం.