పడి లేచిన మనిషికి ఏ బాట తేలిక?

మావారు 2022 సెప్టెంబరులో సైకిల్ మీద నుంచి పడ్డారు. మేముండే ఫ్రీమాంట్‌కు పడమట, శాన్ ఫ్రాన్సిస్కో బే అనే సముద్రపు పాయ అవతల, స్కైలైన్ రోడ్డు పొడవునా ఉన్న కాలిఫోర్నియా కొండల్లో, కుడివైపు లోయ ఉన్న ఒక మలుపు దగ్గర, వేసవంతా ఎండి పిండిలా మారిన మట్టి మీద పరుచుకున్న గులకరాళ్ళపై ముందు చక్రం జారింది. చెయ్యి చాపి పడటంతో ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నారు, ఆ తరువాత మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నారు, ఎముక చక్కగా అతుక్కుంది. గ్యారేజీ గోడకు తగిలించిన సైకిల్ మాత్రం ఏడాదిన్నర దాకా కిందికి దిగలేదు.

మళ్ళీ తొక్కాలని కోరుకున్నది నేను కాదు, ఆయనే. ఈ మాట ముందుగా చెప్పి తీరాలి, ఎందుకంటే ఇష్టం లేని మనిషిని బాట మీదికి లాక్కెళ్ళేందుకు ఉపాయాలు చెప్పడం నా ఉద్దేశం కాదు. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి భోజనాల దగ్గర, "మళ్ళీ మొదలుపెడతాను, కానీ ఎక్కడికి వెళ్ళాలో నువ్వే చూడు, నాకు మ్యాపు తెరిస్తేనే చేతులు చెమటలు పడుతున్నాయి" అన్నారు. అలా బాటలు వెతికే పని నా మీద పడింది. ఆ పనిలో నేను మొదట చేసిన పొరపాటు, ఆ తరువాత తెలుసుకున్న సంగతులు, ఇదే అవస్థలో ఉన్న మరో ఇంటివారికి పనికొస్తాయని రాస్తున్నాను.

అమెరికాలో మౌంటెన్ బైక్ (కొండదారుల సైకిల్) బాటల కష్టసాధ్యతను తెలిపేందుకు స్కీయింగ్ నుంచి తెచ్చుకున్న గుర్తులు వాడతారు. ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలి చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం. అంతర్జాతీయ మౌంటెన్ బైసిక్లింగ్ సంఘం సూచించిన కొలతల ప్రకారం ఆకుపచ్చ బాట కనీసం 36 అంగుళాల వెడల్పు ఉండాలి, సగటు వాలు 5 శాతానికి మించకూడదు, తప్పించుకోలేని రాయి గానీ వేరు గానీ 2 అంగుళాల కంటే ఎత్తు ఉండకూడదు. నీలి బాటకు అవే కొలతలు 24 అంగుళాలు, 10 శాతం, 8 అంగుళాలు. నేను ఈ అంకెలను నమ్ముకున్నాను. చదునుగా, వెడల్పుగా, రాళ్ళు లేకుండా ఉంటే అదే తేలిక బాట అనుకుని, మొదటి ఆదివారమే ఆయనను శాంటా క్రూజ్ పక్కనున్న వైల్డర్ రాంచ్‌కు తీసుకువెళ్ళాను. అక్కడి ఓలోన్ బ్లఫ్ ట్రెయిల్ సముద్రం ఒడ్డున దాదాపు సమతలంగా సాగే మట్టిదారి. ఒకవైపు బ్రసెల్స్ స్ప్రౌట్స్ పండే పొలాలు, మరోవైపు పసిఫిక్, కింద చిన్న అఖాతంలో ఎండకు పడుకున్న సీళ్ళు కనిపిస్తాయి. చిన్నపిల్లలు సైతం తొక్కే దారి అది.

పది నిమిషాలు కూడా గడవకముందే ఆయన సైకిల్ దిగారు. దారి కొండకొమ్ము అంచుకు దగ్గరగా జరిగిన చోట, పక్కన నేల తెగిపోయి అడుగున అలలు కొడుతున్న చప్పుడు వినబడగానే ఆయన భుజాలు బిగుసుకోవడం వెనక నుంచి నాకు కనిపించింది. నడిపించుకుంటూ కారు దగ్గరకు వచ్చేశాం. ఆయన పడింది లోయ పక్కన అని తెలిసి కూడా నేను ఆ ఒడ్డుకు తీసుకువెళ్ళాను. బాట వాలు ఎంత, వెడల్పు ఎంత అని చూశాను గానీ, పక్కన ఏముందో చూడలేదు. ఆ అంకెలు నేలను కొలుస్తాయి, తొక్కే మనిషి దేనికి జడుస్తాడో వాటికి తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయనను కూర్చోబెట్టి, దేనికి భయం వేస్తోందో విడివిడిగా చెప్పమని అడిగాను. "అంతా భయమే" అన్నారు మొదట. నెమ్మదిగా అడుగుతూ పోతే మూడు విషయాలు తేలాయి. పక్కన లోతు ఉండటం ఒకటి. వదులుగా ఉన్న గులకరాళ్ళ మీద మలుపు తిరగడం ఇంకొకటి. మూడోది నేను ఊహించనిది: వెనక ఎవరో వస్తున్నారు, వాళ్ళకు అడ్డం అవుతానేమో అన్న తత్తరపాటు. ఎక్కడం అంటే ఆయనకు అసలు భయం లేదు, ఆయాసం వచ్చినా ఆనందంగానే ఎక్కుతారు. రాళ్ళన్నా, చెట్టువేళ్ళన్నా కూడా పెద్దగా జంకు లేదు. అంటే ఆయనకు కావలసింది చదునైన బాట కాదు. రెండు పక్కలా నేల ఉండి, మట్టి గట్టిగా ఉండి, జనం పలుచగా ఉండే బాట. కొంచెం ఎత్తుపల్లాలు ఉన్నా పరవాలేదు. ఈ ఒక్క సంభాషణతో నా వెతుకులాట మొత్తం మారిపోయింది.

ఆ తరువాత మేము మొదట వెళ్ళింది అలమేడా క్రీక్ అనే వాగు గట్టు మీదికి. నైల్స్ కాన్యన్ మొదలు నుంచి బే దాకా 12 మైళ్ళు సాగే ఈ దారికి దక్షిణపు గట్టు మీద తారు వేశారు, ఉత్తరపు గట్టును మట్టిదారిగానే ఉంచారు. భీమవరం దగ్గర కాలువ గట్ల మీద సైకిల్ నేర్చుకున్న నాకు ఆ దారి చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఎదురుగా మైలు దూరం దాకా ఏముందో కనిపిస్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ వెనక్కి తిరగవచ్చు, గట్టు వాలు కిందికి ఉన్నా అది గడ్డి వాలు, కొండ అంచు కాదు. నాలుగు వారాలు ఉత్తరపు గట్టు మీదే తొక్కాం. ఒక్క జాగ్రత్త చెప్పాలి: మధ్యాహ్నం కాగానే బే నుంచి పడమటి గాలి గట్టిగా వీస్తుంది. పొద్దున్నే బయలుదేరి గాలి లేవకముందే పడమటికి వెళ్ళిపోతే, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. అప్పుడే ధైర్యం కూడగట్టుకుంటున్న మనిషి చివరి మూడు మైళ్ళు ఎదురుగాలితో కుస్తీ పడి ఇల్లు చేరడం ఏమీ బాగుండదు.

ఆ గట్టు మీదే ఆయన పడటానికి కారణం కూడా బయటపడింది. ఒక కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆయన ఎడమచేతి బ్రేకు గట్టిగా నొక్కారు, సైకిల్ ముందు భాగం కుంగి వెనక చక్రం లేచింది. పడలేదు గానీ ఇద్దరం ఆగిపోయాం. హైదరాబాదులో ఆయన తొక్కుతూ పెరిగిన సైకిళ్ళకూ, పదేళ్ళు నడిపిన స్కూటరుకూ కుడిచేతి పిడి ముందు బ్రేకుది, ఎడమది వెనక బ్రేకుది. అమెరికాలో అమ్మే సైకిళ్ళకు ఇది తలకిందులు: ఎడమచేతిది ముందు బ్రేకు. మామూలుగా తొక్కేటప్పుడు ఆయనకు ఈ తేడా బాగానే గుర్తుంటుంది. బెదిరినప్పుడు మాత్రం చెయ్యి చిన్నప్పటి అలవాటునే వెతుక్కుంటుంది. ఆ రోజు కొండ మీద కూడా మలుపులో వెనక బ్రేకు అనుకుని ఎడమచేత్తో ముందు బ్రేకే బిగించి ఉంటారు. గులకరాళ్ళ మీద తిరుగుతున్న ముందు చక్రాన్ని బ్రేకుతో బిగిస్తే అది పక్కకు జారిపోక ఏం చేస్తుంది? మా ఊరి సైకిల్ షాపులో రెండు బ్రేకు గొట్టాలను అటూ ఇటూ మార్పించాం. "నాకు చేతకాకపోవడం వల్ల పడ్డాను అనుకున్నాను" అని ఆయన ఆ రోజు అన్న మాట నేను మరచిపోలేను. మన దేశం నుంచి వచ్చి ఇక్కడ సైకిల్ కొనుక్కునే ప్రతివారూ ముందుగా ఈ సంగతి చూసుకోవాలని నా మనవి.

బ్రేకులతో పాటు మరికొన్ని మార్పులు చేశాం. కాళ్ళను పట్టి ఉంచే పెడళ్ళు తీసేసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాదం నేల మీద పెట్టగలిగే వెడల్పాటి పెడళ్ళు వేయించాం. సీటును అరచేయి వెడల్పున కిందికి దించాం. టైర్లలో గాలి ఒత్తిడిని 30 పీఎస్ఐ నుంచి 24కు తగ్గించాం. ఆయన బరువుకు, ఆ వెడల్పాటి ట్యూబ్‌లెస్ టైర్లకు అది సరిపోయింది. టైరు కొద్దిగా మెత్తబడితే నేలను పట్టుకునే తీరే వేరు.

మే నెలలో పాలో ఆల్టో కొండల్లోని ఆరాస్ట్రడేరో ప్రిజర్వు అనే రక్షిత ప్రకృతి ప్రాంతానికి వెళ్ళాం. 622 ఎకరాల ఆ గడ్డి కొండలు, అక్కడక్కడా ఓక్ చెట్లు, నడుమ చిన్న చెరువు ఉన్న చోటు మాకు ఎంతో మేలు చేసింది. అక్కడ బాట పక్కన చాలా చోట్ల గడ్డే ఉంటుంది, జారినా గడ్డిలోనే పడతాం. మలుపులకు ముందే అవతలి వైపు కనబడుతుంది. వాన పడి నేల బురదగా ఉన్నప్పుడు కొన్ని బాటల గేట్లు మూసేస్తారు కనుక బయలుదేరే ముందు చూసుకోవాలి. నేల విషయంలో మన రైతులు వాడే "పదును" అన్న మాట కంటే మంచి మాట నాకు దొరకలేదు. వాన వెలిసిన నాలుగైదు రోజులకు మట్టి తడి ఆరీ ఆరకుండా పదునుగా ఉంటుంది, టైరు కింద అప్పచ్చిలా అణుగుతుంది, జారదు. అదే బాట ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గట్టి నేల మీద ఆవాలు చల్లినట్టు ఉంటుంది. కాబట్టి మొదటిసారి తీసుకువెళ్ళేవారు బాటతో పాటు నెలను కూడా ఎంచుకోవాలి. వెడల్పును చూసి ఫైర్ రోడ్డును తేలిక అనుకోవడం కూడా సరికాదు. అగ్నిమాపక వాహనాల కోసం వేసిన ఆ దారులు కొండను నిట్టనిలువుగా కోసుకుంటూ పోతాయి, వాటి మీద గులకరాళ్ళు ఎక్కువ. సన్నగా ఉన్నా కొండను చుట్టుకుంటూ మెల్లగా ఎక్కే బాట చాలాసార్లు వాటికంటే నయం.

ఆరాస్ట్రడేరోలో మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎక్కిన దారినే దిగడం. చుట్టు తిరిగి వచ్చే బాటలో దిగుడు ఎప్పుడూ కొత్తదే, సగం దాటాక వెనక్కి రావడానికి మనసొప్పదు. ఎక్కిన దారినే దిగితే ప్రతి రాయినీ, ప్రతి గులకమలుపునూ ఎక్కేటప్పుడు నడక వేగంతో చూసి ఉంటాం. ఆయన ఎక్కుతూ అక్కడక్కడా ఆగి, వెనక్కి తిరిగి, అదే చోటు దిగేటప్పుడు ఎలా కనిపిస్తుందో చూసుకునేవారు. ఒక మలుపు దగ్గరైతే సైకిల్ పక్కన పడుకోబెట్టి, చెప్పుతో గులకరాళ్ళను అటూ ఇటూ జరిపి, కింద నేల ఎంత గట్టిగా ఉందో తొక్కి చూశారు. నేను మాట్లాడకుండా నీళ్ళు తాగుతూ నిలబడ్డాను. స్కైలైన్ మీద కారు ఆపి మొదలుపెట్టే బాటలు దీనికి పూర్తిగా విరుద్ధం, అక్కడ ముందు దిగాలి, అలిసిపోయాక ఎక్కాలి. ఎంత అందమైనవైనా ఆ బాటలను నేను పక్కన పెట్టాను.

వెనక వచ్చేవారి గురించిన బెరుకు తగ్గడానికి రెండు పనులు చేశాను. శనివారం బదులు ఆదివారం తెల్లవారగానే వెళ్ళడం ఒకటి. రెండోది, దిగేటప్పుడు ఆయన ముందు, చాలా దూరం వదిలి నేను వెనక. నా వెనక నుంచి ఎవరైనా వస్తే నేనే ఆపి మాట్లాడి, ఆయన పక్కకు తప్పుకునే దాకా నిదానించమని అడిగేదాన్ని. ఇక్కడి చాలా ఓపెన్ స్పేస్ ప్రిజర్వుల్లో సైకిళ్ళకు వేగపరిమితి గంటకు 15 మైళ్ళు, ఇతరులను దాటేటప్పుడు 5 మైళ్ళు. కాబట్టి నిదానంగా వెళ్ళేవారు ఎవరికీ అడ్డం కాదు, నియమం వారి పక్షానే ఉంది. ఆయనకు ఇది చెప్పిన రోజు నుంచి భుజం మీదుగా వెనక్కి చూడటం తగ్గించారు.

నా మాటతీరు కూడా మార్చుకోవలసి వచ్చింది. "ఏం కాదులెండి, వచ్చేయండి" అనడం నాకు అలవాటు. ఆ మాటకు ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయేది, ఎందుకంటే ఒకసారి అయిన మనిషికి ఏమీ కాదని చెప్పడం ఆయన పడ్డ బాధను కొట్టిపారేయడమే. ఇప్పుడు ఎదురుగా ఏముందో మాత్రమే చెబుతాను: "మలుపు అవతల పది గజాలు గులకరాళ్ళు ఉన్నాయి, ఎడమవైపు గట్టి నేల ఉంది." తొక్కాలో, దిగి నడవాలో ఆయనే నిర్ణయించుకుంటారు. నడిచిన చోట నేను కూడా దిగి నడుస్తాను.

అక్టోబరులో శాన్ రఫేల్ దగ్గరి చైనా క్యాంప్ స్టేట్ పార్కుకు వెళ్ళాం. అక్కడి షోర్‌లైన్ ట్రెయిల్ ఒక్క సైకిల్ పట్టేంత సన్నని బాట, బే ఒడ్డును అనుసరిస్తూ చెట్ల నీడన కొద్దిగా లేస్తూ కొద్దిగా దిగుతూ సాగుతుంది. ఆ పార్కు ఉన్న మారిన్ కౌంటీలోనే, ఫెయిర్‌ఫాక్స్ పక్కన, 1976 అక్టోబరు 21న రీప్యాక్ అనే పందెం మొదలైంది. పాత బరువైన సైకిళ్ళ మీద కుర్రవాళ్ళు కొండ దిగితే బ్రేకుల్లోని గ్రీజు కాలి పొగలు వచ్చేదట, ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది కాబట్టి ఆ పేరు. భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన ఈ సంగతి ఎంతో ఇష్టంగా చెప్పారు. ఏడాదిన్నర పాటు సైకిళ్ళ ఊసే ఎత్తని మనిషి నోట ఆ కథ వింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ రోజు ఆరు మైళ్ళు తొక్కాం. రెండుచోట్ల దిగి నడిచారు, ఒకచోట నడిచి వెళ్ళి చూసి వచ్చి మళ్ళీ ఎక్కి తొక్కారు.

ఈ వారం వాన పడింది. గేట్లు తెరిస్తే వచ్చే ఆదివారం మళ్ళీ ఆరాస్ట్రడేరోకే వెళ్తున్నాం. అక్కడ చెప్పుతో రాళ్ళు జరిపి చూసిన ఆ మలుపును ఆయన ఇంతవరకు తొక్కుతూ దిగలేదు, ప్రతిసారీ నడిచే దిగుతున్నారు. నేను అడగలేదు.