తలనీలాల నుంచి శ్రీసిటీ దాకా

తిరుమలలో దర్శనం ముగించుకొని కల్యాణకట్ట పక్కగా వస్తుంటే, "ఏమండీ, ఇంత జుట్టు చివరికి ఎక్కడికి పోతుంది?" అని మా ఆవిడ అడిగింది. దేవస్థానం తలనీలాలను పొడవును బట్టి వేరు చేయించి ఆన్‌లైన్ వేలంలో అమ్ముతుంది. ఏటా వంద కోట్ల రూపాయలకు పైగా ఆదాయం వస్తుంది. వ్యాపారులు కొన్న తరువాత అవి సవరాలుగా, విగ్గులుగా మారి విదేశాలకు చేరుతాయి. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. పేద దేశాలు ఎలా బాగుపడతాయన్న ప్రశ్నతో కొంతకాలంగా పుస్తకాలు తిరగేస్తున్న నాకు మాత్రం, ఆమె మాటతో తిరుపతి కన్నా ముందు దక్షిణ కొరియా గుర్తుకు వచ్చింది.

1960లో ఆ దేశపు తలసరి ఆదాయం ఏడాదికి 200 డాలర్లకు మించలేదు. యుద్ధంలో ఊళ్ళు నేలమట్టమైన ఆ దేశానికి అమ్ముకోవడానికి టంగ్‌స్టన్ ఖనిజం, చేపలు, పట్టు వంటివే ఉండేవి. పల్లెల్లో ఆడవాళ్ళ జుట్టు కొనుక్కొని దాన్ని అలాగే ఎగుమతి చేసే వ్యాపారమూ ఉండేది. జుట్టును జుట్టుగానే అమ్మడం మాని విగ్గులు అల్లి అమ్మడం మొదలుపెట్టాక, 1965లో చైనా జుట్టుతో చేసిన విగ్గులను అమెరికా నిషేధించడం వాళ్ళకు కలిసివచ్చింది. 1970 నాటికి కొరియా ఎగుమతుల ఆదాయంలో దాదాపు పదోవంతు విగ్గులదే. అయితే వాళ్ళు విగ్గుల దగ్గర ఆగిపోలేదు. బట్టలు, ఉక్కు, ఓడలు, చిప్పులు ఒకదాని తరువాత ఒకటి నేర్చుకుంటూ పోయారు. ఇప్పుడు ఆ తలసరి ఆదాయం 30,000 డాలర్లు దాటింది.

మన దగ్గర ఆ నేర్చుకోవడం ఎంతవరకు వచ్చిందో చూద్దామని, మర్నాడు కారు మాట్లాడుకొని శ్రీసిటీ పారిశ్రామిక నగరానికి బయలుదేరాము. పుణ్యక్షేత్రానికి వచ్చి కార్ఖానాలు చూడబోవడమేమిటని మా ఆవిడ కాసేపు విసుక్కుంది కానీ, దారిలో శ్రీకాళహస్తి ఉందని తెలిసి ఒప్పుకుంది.

దారిలో కరకంబాడి దగ్గర అమరరాజా బ్యాటరీల కర్మాగారం వస్తుంది. 1985లో మొదలైన ఈ సంస్థ 1997లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్‌తో చేతులు కలిపి, కార్ల బ్యాటరీల సాంకేతికతను ఒంటబట్టించుకొని, 2019లో ఆ భాగస్వామ్యం ముగిశాక కూడా సొంతకాళ్ళ మీద నిలబడింది. పరాయివాడి దగ్గర పని నేర్చుకొని, ఆ తరువాత అతనితో పని లేకుండా బతకగలగడం పేద దేశపు సంస్థలకు అన్నిటికన్నా కష్టమైన మెట్టు. లిథియం సెల్స్ కోసం ఆ సంస్థ పెట్టే పెద్ద కర్మాగారం మాత్రం తెలంగాణలోని మహబూబ్‌నగర్‌కు వెళ్ళింది. ఈ జిల్లావాళ్ళ మనసు కాస్త చివుక్కుమనే విషయం.

కాళహస్తిలో స్వామిని చూసుకొని, వరదయ్యపాళెం మీదుగా మధ్యాహ్నానికి శ్రీసిటీ చేరాము. ఆంధ్ర, తమిళనాడు సరిహద్దును ఆనుకొని 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం ఇక్కడే వెలవడానికి కారణం పటం చూస్తే తెలుస్తుంది: చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నం రేవులు అందుబాటులో ఉన్నాయి, జాతీయ రహదారి పక్కనే ఉంది. సముద్రానికి దారి లేని దేశాలు బాగుపడటం ఎంత కష్టమో ఈ ఒక్క చోటును చూసి ఊహించుకోవచ్చు. ఇక్కడ జపాన్ వాళ్ళ ఏసీలు తయారవుతాయి, చెన్నై మెట్రో రైలు పెట్టెలు తయారయ్యాయి, చాక్లెట్లూ తయారవుతాయి. చాక్లెట్ అంటే, దానికి ముడిసరుకైన కోకో పండించే ఆఫ్రికా దేశం ఘనా గుర్తుకు రాక మానదు. 1957లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశం తలసరి ఆదాయంలో కొరియాకు ఏమీ తీసిపోలేదు. అయినా నేటికీ అక్కడి కోకోలో ఎక్కువ భాగం గింజలుగానే ఓడ ఎక్కుతోంది.

2025 మే నెలలో ఇక్కడ ఎల్‌జీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1947లో ముఖానికి రాసుకునే క్రీముతో మొదలై, ఆ తరువాత ప్లాస్టిక్ దువ్వెనలు చేసి, 1959లో కొరియా దేశపు మొదటి రేడియోను తయారుచేసిన సంస్థ అది. ఇప్పుడు మన దగ్గరికి పెట్టుబడి పట్టుకొని వచ్చింది. ఇలాంటి సంస్థలు రావడం మంచిదే. కానీ వచ్చినవాళ్ళ దగ్గర మనవాళ్ళు ఏం నేర్చుకుంటున్నారన్నది వేరే లెక్క.

గేటు బయట టీ కొట్టు దగ్గర షిఫ్టు దిగిన అమ్మాయిలు కొందరు బస్సు కోసం నిలబడి ఉన్నారు. సూళ్ళూరుపేట వైపు పల్లెలవాళ్ళు. ఏం పని చేస్తావమ్మా అని ఒకమ్మాయిని అడిగితే, "స్క్రూలు బిగించే పని సార్. రెండేళ్ళుగా అదే. లోపల ఏముంటాదో, ఎట్ట పనిజేస్తాదో మాకు ఎవురూ చెప్పరు" అంది. జీతం సంగతి అడిగితే ఆమె ముఖంలో వెలుగు కనిపించింది. తమ్ముడి కాలేజీ ఫీజు తానే కడుతోందట. ఆ సంపాదనను చిన్నచూపు చూసే అర్హత మనకెవరికీ లేదు.

అయినా కొరియా కథలో ఇలాంటి అమ్మాయిలది చీకటి అధ్యాయమే. వైహెచ్ అనే విగ్గుల కంపెనీని యజమాని మూసివేస్తుంటే, 1979 ఆగస్టులో అందులోని ఆడకూలీలు ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో బైఠాయించారు. పోలీసులు విరుచుకుపడినప్పుడు ఒక యువతి ప్రాణం కోల్పోయింది. ఆ ఘటన రగిల్చిన రాజకీయ సంక్షోభం నడుమే అక్టోబరులో, నియంతగా దేశాన్ని ఏలుతున్న అధ్యక్షుడు పార్క్ హత్యకు గురయ్యాడు. కొరియా ఎదుగుదలను మెచ్చుకునేవాళ్ళు నియంతృత్వాన్ని కూడా కలిపి మెచ్చుకోవడం నాకు ఏనాడూ నచ్చలేదు. భూసంస్కరణలు, ఊరూరా బడులు ఆ నియంత గద్దెనెక్కక ముందే మొదలయ్యాయి.

నేర్చుకోవడం గురించి చెప్పాలంటే బంగ్లాదేశ్ ఉదాహరణ ఇంకా దగ్గరిది. 1979లో దేశ్ అనే బట్టల కంపెనీ తన సిబ్బందిలో వందమందికి పైగా కొరియాలోని బూసాన్‌కు, దేవూ కర్మాగారానికి పంపి పని నేర్పించింది. తిరిగి వచ్చినవాళ్ళలో చాలామంది కొన్నేళ్ళలో ఆ కంపెనీని వదిలి సొంత కర్మాగారాలు పెట్టుకున్నారు, లేదా వేరేవాళ్ళు పెట్టినవాటిని నడిపించారు. దేశ్‌కు నష్టమే కావచ్చు; ఆ దేశానికి మాత్రం దుస్తుల పరిశ్రమ దక్కింది.

తిరుగు దారిలో ఈ సంగతే చెబుతుంటే, డ్రైవరు కారు వేగం తగ్గించి, "మా అక్క కొడుకూ అంతే సార్. ఈడ ఒక కంపెనీలో ప్లాస్టిక్ అచ్చులు రిపేరు చేసే పని నేర్చుకున్నాడు. ఇద్దరు స్నేహితులతో తడ దగ్గర షెడ్డు పెట్టాలని చూస్తా ఉండాడు. బ్యాంకుకు పోయి, చేతిలో ఉన్న ఆర్డరు కాగితం చూపిస్తే, దాంతో పనిలేదు, పొలం పాసుపుస్తకం తెమ్మన్నారంట" అన్నాడు.

కొరియాలో 1960లలో మామూలు అప్పుల మీద వడ్డీ 20 శాతం దాటి ఉన్న కాలంలో, విదేశీ కొనుగోలుదారుడి ఆర్డరుకు బ్యాంకు హామీపత్రం తెచ్చినవాడికి ఆరేడు శాతం వడ్డీకే అప్పు పుట్టేది. పొలం ఉందా, ఎవరి బంధువు అన్న విచారణ కన్నా సరుకు ఓడ ఎక్కిందా లేదా అన్నదే ముఖ్యం. ఆ మాట చెబితే అతను కాసేపు ఆలోచించి, "పొలమైతే రెండెకరాలు ఉండాది సార్. కానీ ఇంకా మా తాత పేరు మీదనే ఉండాది, పంపకాలు కాలేదు" అన్నాడు.